పోయిందనుకున్న ఉప్పాడ చీర

నేను ఒక ఉప్పాడ చీరను. ఒళ్ళంతా వంకాయ రంగు, అంచు చిలకపచ్చ, కొంగు నిండా చిన్న చిన్న జరీ మామిడిపిందెలు. గొప్పలు పోతున్నానని అనుకోకండి. ఇప్పుడు నన్ను చూస్తే అందులో సగం కూడా కనబడదు. అంచు రెండు చోట్ల చిరిగింది. జరీ నల్లబడింది. కుచ్చిళ్ళ కింద ఫినాయిల్ మరకలున్నాయి. చాలా అలసిపోయాను. ఓపిక ఉండగానే నా సంగతి చెప్పేస్తాను.

నన్ను నేసింది వీర్రాజు, నూకరత్నం అనే మొగుడూ పెళ్ళాలు. జాందానీ నేతకు మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నలభై రోజులు కూర్చున్నారు. ఆ నలభై రోజులూ ఏదో ఒకదానికి పోట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యలో మూడు రోజులు అసలు మాటలే లేవు. ఆ మూడు రోజుల్లో నేసిన జానెడు మేర మాత్రం ఒక్క పొరపాటు లేకుండా వచ్చింది. మనుషులు కోపంగా ఉన్నప్పుడు చేతులు ఎంత బుద్ధిగా పనిచేస్తాయో అప్పుడే చూశాను. మగ్గం మీంచి దింపిన రోజున నూకరత్నం నన్ను భుజం మీద ఒక్కసారి వేసుకుని, అంతలోనే తీసి మడత పెట్టేసింది.

విశాఖపట్నంలో ఒక బట్టల దుకాణంలో ఇందుమతిగారు నన్ను కొన్నది. వాళ్ళాయన పోర్టులో ఇంజనీరు. పెళ్ళయి పాతికేళ్ళు నిండిన సందర్భానికి కొనుక్కుంది. ఇంటికి తీసుకెళ్ళగానే నన్ను ఇంట్లో పనిచేసే సన్యాసమ్మ చేతిలో పెట్టి, ఫాల్ కుట్టమంది.

సన్యాసమ్మ ఆ కాలనీలో ఐదిళ్ళలో అంట్లు తోమి, ఇళ్ళు తుడిచేది. మధ్యాహ్నాలు చీరలకు ఫాల్స్ కుట్టేది. మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు, కుసుమ. సన్యాసమ్మది ఎడమచేతి వాటం. అందువల్ల ఆవిడ కుట్లు అందరి కుట్లలా కాకుండా ఎదురు వాలుతో ఉంటాయి. మెట్ల మీద కూర్చుని, నన్ను ఒళ్ళో పరుచుకుని, చెమట అంటకుండా మోకాళ్ళ మీద ఒక తువ్వాలు వేసుకుని రెండు మధ్యాహ్నాలు కుట్టింది. ఒక మనిషి ఒళ్ళో తీరిగ్గా కూర్చోవడం నాకదే మొదలు.

ఇందుమతిగారికి నేనంటే ఇష్టం లేదని అనలేను. ఇష్టమే ఎక్కువైంది. మరకలు పడతాయని భోజనాలకు కట్టుకోదు. చెమట పడుతుందని వేసవిలో కట్టుకోదు. తడుస్తుందని వానల్లో కట్టుకోదు. నాలుగేళ్ళలో మూడుసార్లు కట్టుకుంది. మిగతా కాలమంతా బీరువాలో, నాఫ్తలీన్ ఉండల పక్కన.

నాలుగో ఏడు వాళ్ళ చెల్లెలి ఇంటి గృహప్రవేశం వచ్చింది, రాజమండ్రిలో. ఇందుమతిగారు నన్ను న్యూస్ పేపర్లో చుట్టి, మెరూన్ రంగు సూట్‌కేసు మూతలో ఉండే జేబులో పెట్టి జిప్పు వేసింది. నలగకుండా ఉంటానని. అక్కడికి వెళ్ళగానే చెల్లెలు ఆవిడ చేతిలో కొత్త చీర పెట్టి ఇదే కట్టుకోవాలంది. కట్టుకుంది. తిరుగు ప్రయాణంలో రైలు దిగేటప్పుడు ఆ పెట్టె చక్రం విరిగింది. ఇంటికి రాగానే సారు పెట్టెలో ఉన్న బట్టలు మంచం మీద కుమ్మరించి, ఖాళీ పెట్టెను పడకగదిలోని అటక మీదికి ఎక్కించేశారు. మూతకు ఒక జేబు ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఇందుమతిగారికి నేను గుర్తొచ్చాను. కింద బీరువా తలుపులు తెరిచిన చప్పుడు విన్నాను. చీరలన్నీ మంచం మీద పడుతున్న చప్పుడు విన్నాను. ఆ తర్వాత సన్యాసమ్మను పిలిచిన గొంతు విన్నాను.

"వంకాయ రంగు ఉప్పాడ చీర ఏదే?"

"బీరువాలో లేదేటమ్మగారూ?"

"ఉంటే నిన్నెందుకడుగుతాను? ఈ గదిలోకి నువ్వు తప్ప ఎవరొస్తారు?"

"నాను సూడనేదమ్మగారూ. మీరు ఊరెల్లినప్పుడు..."

"ఊరికి ఆకుపచ్చది కట్టుకెళ్ళాను. నాకు గుర్తులేదనుకుంటున్నావా? తీసుంటే ఇప్పుడే ఇచ్చెయ్. ఎవరికీ చెప్పను."

నేను వాళ్ళ నెత్తి మీదే ఉన్నాను. ఏడడుగుల ఎత్తులో. ఒక్క మాట, ఒక్క చప్పుడు, ఏమీ చేయలేకపోయాను. సన్యాసమ్మ ఏడవలేదు. కూతురి మీద ఒట్టు పెట్టుకుంది. ఇందుమతిగారు ఆవిడ చేతిసంచి మంచం మీద బోర్లించింది. టిఫిను గిన్నె దొర్లింది. సారు పక్కగదిలోంచి వచ్చి, "పోనీలేవే, చీరే కదా," అన్నారు. సన్యాసమ్మ దొంగతనం చేయలేదని మాత్రం ఆయన అనలేదు.

ఆ రోజుతో సన్యాసమ్మ గొంతు ఆ ఇంట్లో ఆగిపోయింది.

తర్వాత తొమ్మిదేళ్ళు అటక మీదే ఉన్నాను. పనివాళ్ళు వచ్చారు, మానేశారు, కొత్తవాళ్ళు వచ్చారు. ఎండాకాలంలో పెట్టె వేడెక్కేది. వానాకాలంలో చెమ్మ వాసన వేసేది. ఒక ఏడు ఇంట్లో చాలామంది చేరి ఏడ్చారు. ఆ తర్వాత సారు దగ్గు వినపడలేదు. ఇంకో రెండేళ్ళకు, ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టడానికి ఎవరికో ఇచ్చేసి, ఇందుమతిగారు ఒక అద్దె ఫ్లాటుకు మారింది. సామాన్లు సర్దేవాళ్ళు వచ్చి అటక మీదివన్నీ కిందికి దింపారు. ఆ మెరూన్ పెట్టెను ఎవరూ తెరవలేదు. నాలుగు మూటల బట్టలతో, ఒక పాత మిక్సీతో పాటు ఆటోలో వేసి ధర్మ దుకాణానికి పంపేశారు.

ఆ దుకాణం పేరు 'చేయూత'. పెద్దాసుపత్రి వీధి చివర ఉంటుంది. జనం ఇచ్చిన పాత సామాన్లు అమ్మి, వచ్చిన డబ్బుతో ఆసుపత్రిలో రోగుల వెంట ఉండేవాళ్ళకు మధ్యాహ్నం అన్నం పెడతారు. రెజీనా టీచరు అనే రిటైరైన పంతులమ్మ దాన్ని నడుపుతుంది. అక్కడ నెల రోజులున్నాను. మనుషుల గురించి బీరువాలో నాలుగేళ్ళున్నా తెలియనివి ఆ నెల రోజుల్లో తెలిశాయి. ఇచ్చేవాళ్ళందరూ "ఒక్కసారే కట్టానండీ" అంటారు. కొనేవాళ్ళందరూ "ఇంట్లో కట్టుకోవడానికేలెండి" అంటారు. ఇద్దరి మొహంలోనూ ఒకే రకం సిగ్గు. రెజీనా టీచరు రెండు మాటలకూ తల ఊపుతుంది.

మూత జేబులో నన్ను చూసి టీచరు ఉలిక్కిపడింది. దానం ఇచ్చినవాళ్ళ చిరునామా, ఫోన్ నంబరు రాసి పెట్టె పిడికి కట్టిన చీటీ చూసి ఫోన్ చేసింది. "మీ సూట్‌కేసులో ఒక పట్టుచీర ఉందండీ, మరిచిపోయారేమో," అంది.

ఫోన్లో ఇందుమతిగారి గొంతు గుర్తుపట్టాను. కాస్త వణుకు వచ్చింది, అంతే. "ఏదో పాతదయ్యుంటుంది లెండి. మోకాళ్ళ నొప్పులతో చస్తున్నాను, మళ్ళీ అవన్నీ నాకొద్దు. ఉంచేసుకోండి," అని పెట్టేసింది.

ఏ రంగు చీర అని కూడా అడగలేదు.

టీచరు నన్ను ఎండలో ఆరబెట్టి, మడతలు విప్పి, ధర చీటీ గుచ్చి గోడ పక్కన హ్యాంగరుకు తగిలించింది. వారం తర్వాత, ఒక గురువారం పొద్దున, సన్యాసమ్మ వచ్చింది.

గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. జుట్టు సగం తెల్లబడింది. నడుము ఒక పక్కకు ఒరిగింది. వెంట కుసుమ. ఆ పిల్ల ల్యాబ్ టెక్నీషియను చదువు పూర్తి చేసింది, సోమవారం నుంచి ఉద్యోగం. నలుగురిలోకి వెళ్ళేటప్పుడు కాస్త మంచి బట్టలుండాలని తల్లి తీసుకొచ్చింది. కుసుమ మూడు చుడీదార్లు ఏరి పక్కన పెట్టింది. వెలిసిపోయాయా, చంకల దగ్గర చిరిగాయా అని తల్లి ఒక్కొక్కటీ తిరగేసి, వెలుతురులో పెట్టి చూసింది. అలా చూస్తూ చూస్తూ తలెత్తింది.

నన్ను చూసింది. దగ్గరికి రాలేదు. కొంతసేపు అక్కడే నిలబడింది. తర్వాత నెమ్మదిగా వచ్చి, కొంగు పట్టుకోకుండా, జరీ చూడకుండా, వంగి కింద అంచును తిరగేసింది. ఫాల్ మీద వేలు పెట్టి కుట్టు వెంబడి నడిపించింది. ఎదురు వాలు కుట్లు. సొంత చేతిరాత చదువుకున్నట్టు చదువుకుంది.

తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"అమ్మా! ఏమైంది?" కుసుమ పరిగెత్తుకొచ్చింది. టీచరు మంచినీళ్ళు తెచ్చింది.

సన్యాసమ్మ నీళ్ళు తాగలేదు. "టీచరమ్మా, ఈ సీర మీకెలగొచ్చింది?" అంది.

టీచరు మెరూన్ పెట్టెను చూపించింది. మూత ఎత్తి, జేబు చూపించింది. "ఇందులో పేపర్లో చుట్టి ఉంది. ఆ పేపరు తొమ్మిదేళ్ళ నాటిది," అంది.

అప్పుడు సన్యాసమ్మ చెప్పింది. నన్ను హ్యాంగరు నుంచి దింపి ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. అటక మీద ఉండి నేను వినని సంగతులన్నీ అప్పుడే విన్నాను. ఆ వారంలోనే మిగతా నాలుగిళ్ళవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారట. ఎవరూ దొంగ అని మొహాన అనలేదట. ఒకరు ఊరికి వెళ్తున్నామన్నారు, ఒకరు వాషింగ్ మెషీను కొన్నామన్నారు. ఆ కాలనీ వదిలి, ఊరికి అటు చివర ఒక లేడీస్ హాస్టల్లో మూడంతస్తులు తుడిచే పనిలో చేరిందట. మెట్లెక్కీ దిగీ నడుము పోయిందట.

"అవన్నీ సరే టీచరమ్మా. ఒళ్ళు కష్టం కష్టం కాదు. ఇదిగో, ఇది అప్పటికి పదకొండేళ్ళది. ఆ ఏల ఇంటికెల్తే నన్నేటడిగిందో తెలుసా? 'అమ్మా, నిజంగా తీసినావేటి?' అని."

కుసుమ తల దించుకుంది.

టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "తీసుకెళ్ళు సన్యాసమ్మా. నీ దగ్గర డబ్బులు తీసుకోను."

"ఊరకే ఒద్దు." సన్యాసమ్మ లేచి నిలబడింది. "ఊరకే తీసుకెల్తే మల్లా ఎవులైనా ఏటైనా అంటారు. నాను కొనుక్కుంతాను. నా పేరెట్టి రసీదు రాయండి. సీర రంగు కూడా రాయండి."

తెచ్చుకున్న డబ్బు అన్నింటికీ చాలదు. మూడు చుడీదార్లలో రెండింటిని కుసుమే తీసి వెనక్కి పెట్టేసింది. తల్లి చూసింది, ఆపలేదు. టీచరు రసీదు రాస్తుంటే మాత్రం పక్కనే నిలబడి, "పూర్తి పేరు రాయండి," అంది. టీచరు రాసి, ఒకసారి గట్టిగా చదివి వినిపించింది.

దానం ఇచ్చినవాళ్ళ చిరునామా బయటపెట్టకూడదని దుకాణంలో నియమం. టీచరు ఆ సంగతి చెప్పింది. చెప్పి, పెట్టెను పిడి ఇటు వైపు వచ్చేలా తిప్పి, లోపలికి వెళ్ళింది. చీటీని కుసుమ చదివింది.

ఆదివారం నాడు వెళ్ళారు. నన్ను కట్టుకెళ్ళమన్నది కుసుమ. సన్యాసమ్మకు మనసొప్పలేదు, సంచిలో తీసుకెళ్దామంది. "సంచిలో ఎందుకమ్మా? నీ చీర నువ్వు కట్టుకోవడానికి భయమెందుకు?" అని కూతురే దగ్గరుండి కుచ్చిళ్ళు పెట్టింది. బస్సులో సన్యాసమ్మ సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, నలుగుతానని.

లిఫ్టులో నాలుగో అంతస్తు. కుసుమ గంట కొట్టింది. చాలాసేపటికి, చేతికర్రతో ఇందుమతిగారు తలుపు తీసింది. పరీక్షగా చూసింది. మొహం విప్పారింది.

"సన్యాసమ్మవి కదూ! ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి! రా రా, లోపలికి రా. ఈ పిల్ల కుసుమే? ఎంత ఎదిగిపోయింది!" ఆ చూపు నా మీద పడింది. కొంగు చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపి చూసింది. "అబ్బ, ఎంత బావుందే ఈ చీర! ఎక్కడ కొన్నావు?"

నన్ను పోగొట్టుకున్నందుకు ఒక మనిషి బతుకునే చీకటి చేసిన మనిషి, నన్ను చేతిలో పట్టుకుని ఎక్కడ కొన్నావని అడుగుతోంది.

"మీదేనమ్మగారూ," అంది సన్యాసమ్మ.

ఇందుమతిగారికి అర్థం కాలేదు.

"మీ వంకాయ రంగు ఉప్పాడ సీర. నాను దొంగిలించినానన్నారు సూడండి, అది. మీ మెరూన్ పెట్టి మూతలో ఉండిపోనాది. ఆ పెట్టి మీరు ధర్మ దుకాణానికి ఇచ్చీసినారు. అక్కడ కొన్నాను. రసీదుంది."

ఇందుమతిగారు కొంగు వదిలేసింది. కర్ర ఆసరాతో సోఫా దాకా వెళ్ళి కూర్చుంది. ఆవిడ లెక్కలు వేసుకోవడం కనబడుతూనే ఉంది. రాజమండ్రి, చెల్లెలి ఇల్లు, విరిగిన చక్రం. చాలాసేపటికి, "అయితే నువ్వు తీయలేదన్నమాట," అంది.

"ఆ ఏలే సెప్పినాను గదమ్మా."

"నాకేం తెలుసే... అప్పట్లో... సారు కూడా..." కర్రను సోఫాకు ఆనించింది. "సరే, నీ దగ్గరే ఉంచుకో. నేనే ఇచ్చాననుకో."

"మీరివ్వనేదు. నాను కొనుక్కున్నాను." సన్యాసమ్మ ఇంకా నిలబడే ఉంది. "సీర కోసం రానేదమ్మగారూ. ఒక్కటి సెయ్యండి. మిగతా నాలుగిళ్ళోళ్ళకీ ఫోన్ సేసి సెప్పండి. సన్యాసమ్మ తియ్యనేదని. నాను ఇనాల."

ఇందుమతిగారు తడబడింది. పై మేడ లాయరుగారివాళ్ళు బెంగుళూరు వెళ్ళిపోయారట, నంబరు లేదు. మూల ఇంటావిడ కరోనాలో పోయింది. డాక్టరుగారివాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. మిగిలింది ఎదురింటి సుగుణగారు. ఆవిడకు ఫోన్ చేసింది. కుసుమ స్పీకరు నొక్కమంది.

"సుగుణా, ఒక మాట. అప్పట్లో నా ఉప్పాడ చీర పోయింది కదా, అది దొరికింది. మన సన్యాసమ్మ తీయలేదు. పాపం, అనవసరంగా..."

"ఏ సన్యాసమ్మ?"

"అదే, మన కాలనీలో అందరిళ్ళలో చేసేది. నీ దగ్గర కూడా ఏడేళ్ళు చేసింది."

"ఏమో ఇందూ, ఎంతమంది చేశారో, నాకెవరూ గుర్తులేరు. సరే గానీ నీ మోకాళ్ళెలా ఉన్నాయి? ఆపరేషన్ చేయించుకుంటున్నావా?"

తొమ్మిదేళ్ళపాటు ఆ మాట నిజంగా గుర్తున్నది ఆ గదిలో నిలబడిన తల్లీకూతుళ్ళకూ, నాకూ మాత్రమే. అన్నవాళ్ళు అని, దులిపేసుకుని, తమ మోకాళ్ళ సంగతి చూసుకుంటున్నారు. సన్యాసమ్మ ముందుకు వంగి, నోరు ఫోనుకు దగ్గరగా పెట్టింది.

"అమ్మగారూ, నాను సన్యాసమ్మను. మీ ఇంట్లో ఏడేళ్ళు గిన్నెలు తోమినాను. మీ పెద్దమ్మాయికి జడలేసినాను. నాను దొంగను కాను. అదొక్కటి గుర్తెట్టుకోండి."

"సరేనమ్మా," అంది సుగుణగారు, ఎందుకంటోందో తెలియనట్టు.

ఇందుమతిగారు కాఫీ తాగమంది. వద్దంది సన్యాసమ్మ. ఇక్కడ పనివాళ్ళు నిలవడం లేదనీ, వీలుంటే మళ్ళీ వచ్చి చేరమనీ అంది. కుసుమ మొహం ఎర్రబడింది. సన్యాసమ్మకు మాత్రం కోపం రాలేదు. "ఆ హాస్టలు మెట్లే సాలమ్మగారూ," అని బయటికి నడిచింది.

లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి వెనక కర్ర చప్పుడు వినిపించింది. ఇందుమతిగారు గుమ్మం దాటి వచ్చింది. గొంతు చాలా చిన్నదైపోయింది.

"సన్యాసమ్మా. తప్పయిపోయిందే."

ఆ మాటకు మనుషులు "పర్వాలేదు" అంటారు. చాలామంది అంటుండగా విన్నాను. సన్యాసమ్మ అనలేదు. ఆవిడ మొహంలోకి చూసి, "ఇన్నానమ్మగారూ," అంది. లిఫ్టు తలుపు మూసుకుంది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. ఈసారి కూర్చుంది. వెనక్కి ఆనుకుని, నలుగుతానన్న ధ్యాస లేకుండా కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాక కుసుమ అంది: "నేనడిగాను కదమ్మా, ఆ రోజు."

"అడిగినావు."

"నాకు గుర్తుంది. నువ్వు అన్నం కలిపి పెడుతున్నావు. కలపడం ఆపేశావు."

"సిన్నపిల్లవి. ఎవులో అంటే ఇన్నావు."

"తర్వాతైనా తీయలేదని తెలుసమ్మా నాకు. అడిగినందుకు సిగ్గేసి, మళ్ళీ ఆ మాటెత్తలేదు."

"మరి సెప్పొచ్చు గదే," అంది సన్యాసమ్మ. అప్పుడు ఏడ్చింది. ఇంతసేపటికీ, ఇన్నేళ్ళకీ నేను చూడని ఏడుపు. నా కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది. కూతురు ఆవిడ చేయి పట్టుకుని, దిగే స్టాపు వచ్చేదాకా వదల్లేదు.

ఇంటికెళ్ళాక నన్ను మడత పెట్టి దాస్తుందనుకున్నాను. కుసుమ కూడా అలాగే అనుకుని, మంచి రోజులకు ఉంచుకోమంది.

"దాస్తే పెట్టిలో ఉంతాది," అంది సన్యాసమ్మ. "పెట్టిలో ఉండే గదే ఇంత సేసింది."

మర్నాడు నన్ను కట్టుకునే హాస్టలుకు పనిలోకి వెళ్ళింది. వారానికి మూడు రోజులు కడుతుంది. కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు బిగించి, మూడంతస్తులూ తుడుస్తుంది. సబ్బుతో ఉతికి, ఎండలో తీగ మీద వేసేస్తుంది. పట్టుచీరకు ఇదేం పాటు అని హాస్టలు పిల్లలు నవ్వుతారు. నూకరత్నం చూస్తే గుండె బాదుకునేదేమో. నాకు మాత్రం పాటు అనిపించలేదు. బీరువాలో నాలుగేళ్ళు, అటక మీద తొమ్మిదేళ్ళు చీర అన్న పేరు తప్ప చీర పని చేయలేదు నేను. ఈ రెండేళ్ళే చేశాను. అందుకే ఇంత త్వరగా పాతబడ్డాను. ఇంకో వానాకాలం ఆగుతానో లేదో.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. మూడో అంతస్తు తుడవడం అయిపోయింది. పిల్లలందరూ కాలేజీలకు వెళ్ళారు. సన్యాసమ్మ మెట్ల మలుపులో, ఆరిన చోటు చూసుకుని, చేయి తల కింద పెట్టుకుని పడుకుంది. ఈగలు వాలకుండా నా కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆవిడ ఊపిరి నాలోంచి వెళ్ళి వస్తోంది, వెచ్చగా, నెమ్మదిగా. కిందినుంచి ఎవరో "సన్యాసమ్మా!" అని పిలిచారు. ఆవిడ లేవలేదు. నేనూ కదల్లేదు.